ఇటలీ యాత్ర: పాత కట్టడాలూ కొండలూ రెండూ చూసేలా ప్లాన్ వేసుకోవడం ఎలా?

ఇటలీ అనగానే మనవాళ్ళు వేసుకునే ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. రోమ్‌లో రెండు రోజులు, ఫ్లోరెన్స్‌లో ఒకటి, పీసా టవర్ దగ్గర ఫొటో, వెనిస్‌లో పడవ, మిలాన్‌లో షాపింగ్. కాలికి బలపం కట్టుకుని తిరిగి ఇంటికొచ్చాక ఏ చర్చి ఏ ఊళ్ళో చూశామో ఒకరికీ గుర్తుండదు. వరసగా నాలుగు రోజులు చర్చిలూ మ్యూజియాలే చూస్తే మైకెలాంజెలో బొమ్మ ముందు నిలబడ్డా ఆవులింతే వస్తుంది.

దీనికి మందు ఆ దేశంలోనే ఉంది. అక్కడ కట్టడాలకూ కొండలకూ చుట్టరికం ఎక్కువ. రోమన్ల కాంక్రీటులో కలిసింది అగ్నిపర్వతాల బూడిద. మైకెలాంజెలో దావీదు శిల్పాన్ని చెక్కింది కరారా కొండల పాలరాతిలో. వెనిస్ నిలబడింది ఆల్ప్స్ వైపు అడవుల నుంచి నదుల మీదుగా తెచ్చి బురదలో దింపిన కొయ్య దుంగల మీద. కాబట్టి ఏ ఊళ్ళో దిగినా ఒక రోజు కట్టడానికి, మర్నాడు దాని వెనకున్న కొండకో సముద్రానికో ఇచ్చుకోండి. పది పన్నెండు రోజుల సెలవైతే కింద చెప్పే చోట్లలో మూడు ఎంచుకోండి, అంతకు మించి మకాం మార్చకండి.

ముందు నెల ఖాయం చేసుకోండి

ఊళ్ళ పేర్లు రాసుకోవడం తర్వాత. ఏ నెలలో వెళ్తున్నారన్నదాన్ని బట్టే ఎక్కడికి వెళ్ళాలో తేలుతుంది.

మన పిల్లలకు సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. మే నెలలో రోమ్, నేపుల్స్, సిసిలీ హాయిగా ఉంటాయి. కానీ ఉత్తరాన డోలోమైట్స్ కొండల్లో అప్పటికి ఎత్తు దారుల మీద మంచు పూర్తిగా కరగదు, చాలా కేబుల్ కార్లు జూన్‌లో గానీ మొదలుకావు. ఇంటర్నెట్‌లో పచ్చిక మైదానాల ఫొటోలు చూసి మే మొదటివారంలో అక్కడికి వెళ్తే మూసిన టికెట్ కౌంటరే కనిపిస్తుంది. వేసవి సెలవులైతే దక్షిణం, దసరా సెలవులైతే ఉత్తరం అని గుర్తుపెట్టుకోండి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొండల మీద జనం తగ్గుతారు, కేబుల్ కార్లు చాలావరకు ఇంకా నడుస్తుంటాయి.

జులై, ఆగస్టు నెలలు వీలైతే వదిలేయండి. ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, పాత నగరాల్లో నీడ ఉండదు. ఆగస్టు 15 మనకు ఎంత పండగో వాళ్ళకూ అంతే. ఫెర్రాగోస్తో అంటారు. బీచ్‌లు కిటకిటలాడతాయి, నగరాల్లో చిన్న దుకాణాలు తాళాలు వేసుకుని కొన్ని వారాలపాటు కనిపించవు. సంక్రాంతికి వెళ్ళేవాళ్ళు మాత్రం రోమ్, నేపుల్స్‌లో క్యూల బాధ లేకుండా తిరగొచ్చు. స్వెటర్లు తీసుకెళ్తే చాలు.

వీసా, విమానం

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి. అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్న మన తెలుగువాళ్ళకైనా, పాస్‌పోర్టు భారత్‌దే అయితే ఇది తప్పదు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 15 రోజుల ముందు వరకూ తీసుకుంటారు. ఆ చివరి గడువును నమ్ముకోకండి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్ళకు ఉచితం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు, తిరుగు ప్రయాణం తర్వాత 3 నెలల గడువు చూసుకోండి. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ కూడా కలుపుకుంటుంటే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం దగ్గరే దరఖాస్తు చేయాలి.

విమానం టికెట్లు ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కేలా తీసుకోండి. నేపుల్స్ లేదా రోమ్‌లో దిగి వెనిస్ లేదా మిలాన్ నుంచి వచ్చేస్తే, వెళ్ళిన దారినే వెనక్కి రావడానికి ఒక రోజు దండగ కాదు.

టికెట్ల తర్వాతే హోటల్

చాలామంది హోటల్ ముందు బుక్ చేసి, అక్కడికెళ్ళాక టికెట్లు చూసుకుందాం అనుకుంటారు. ఇటలీలో ఇది తలకిందులుగా చేయాలి. కొన్నిచోట్ల టికెట్ దొరికిన తేదీని బట్టి మిగతా ప్లాన్ సర్దుకోవడమే తెలివి.

అన్నిటికంటే కష్టం మిలాన్‌లో లియొనార్డో డావిన్చి గీసిన 'చివరి విందు'. ఒక భోజనశాల గోడ మీది చిత్రం అది. కొద్దిమందిని మాత్రమే, 15 నిమిషాలకే లోపలికి పంపుతారు. టికెట్లు నెలల ముందే అయిపోతాయి. రోమ్‌లోని ప్రాచీన క్రీడా ప్రాంగణం కొలోసియం అధికారిక టికెట్లు సందర్శన తేదీకి 30 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. ఆ రోజు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆలస్యమైతే ఏజెన్సీలు రెండింతలు మూడింతలు రేటు పెట్టి 'గైడుతో సహా' అంటూ అమ్మేవే మిగులుతాయి. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ, అకాదెమియా మ్యూజియాలకు సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియాలు ఆదివారం మూసేస్తారు. నెలలో చివరి ఆదివారం తెరిచి ఉచితంగా పంపుతారు గానీ, ఆ క్యూలో నిలబడేకంటే డబ్బు పెట్టి వెళ్ళడమే నయం.

కొలోసియం, నేపుల్స్ దగ్గరి శిథిల నగరం పాంపేయి టికెట్ల మీద పేర్లు ఉంటాయి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూస్తారు. ఇక్కడ మన ఇంటిపేర్లతో చిక్కు వస్తుంది. ఫారంలో 'నోమె' అన్నచోట మీ పేరు, 'కొన్యోమె' అన్నచోట ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే పూర్తిగా రాయండి. ఇనీషియల్స్‌తో సరిపెట్టకండి.

నేపుల్స్: మూడు రాత్రులైనా ఉండండి

ప్యాకేజీ టూర్లు నేపుల్స్‌ను దాదాపు వదిలేస్తాయి, లేదా రోమ్ నుంచి బస్సులో తీసుకెళ్ళి పాంపేయి చూపించి రాత్రికి వెనక్కి తెచ్చేస్తాయి. నన్నడిగితే ఇటలీలో మొదట చూడాల్సింది ఈ ప్రాంతమే. వెసూవియస్ అనే అగ్నిపర్వతం, అది పూడ్చేసిన రెండు ఊళ్ళు పాంపేయి, హెర్క్యులేనియం, అక్కడ దొరికిన సామాను దాచిన మ్యూజియం, అన్నీ ఒక గంట ప్రయాణంలోనే ఉన్నాయి.

మొదటి రోజు పాంపేయి. గారిబాల్డి స్టేషన్ కింది అంతస్తు నుంచి బయల్దేరే చిర్కుమ్‌వెసూవియానా లోకల్ రైల్లో, సొరెంతో వైపు వెళ్ళేది ఎక్కండి. దిగాల్సిన స్టేషన్ 'పాంపేయి స్కావీ – విల్లా దెయ్ మిస్తేరి'. పాంపేయి పేరుతోనే వేరే స్టేషన్లు కూడా ఉన్నాయి, అక్కడ దిగితే ఎండలో నడక తప్పదు. ఈ రైళ్ళు పాతవి, ఇరుకు, ఏసీ ఉంటే అదృష్టం. జేబుదొంగలు ఉంటారు కాబట్టి బ్యాగు ముందుకు వేసుకోండి. పెద్ద బ్యాగుల్ని పాంపేయి లోపలికి రానివ్వరు, గేటు దగ్గర పెట్టేయాలి. ఉదయం తెరిచే వేళకే వెళ్ళండి. రోజుకు 20,000 మందికే ప్రవేశం.

క్రీస్తుశకం 79లో వెసూవియస్ పేలినప్పుడు మొదట గంటల తరబడి తేలికపాటి నురగరాళ్ళు కురిశాయి. చాలామంది అప్పుడే పారిపోయారు. ఆగిపోయినవాళ్ళను మర్నాడు పొద్దున కొండ మీంచి దూసుకొచ్చిన వేడి వాయువు, బూడిద కమ్మేసింది. ఊరు 66 హెక్టార్లు, అందులో మూడో వంతు ఇంకా తవ్వనేలేదు. అంతా చూడాలని పట్టుబట్టకండి, సగం పూట హాయిగా తిరగండి.

లోపలికి వెళ్ళాక తల కిందికి దించి రోడ్డు చూడండి. దారికి అడ్డంగా మూడేసి ఎత్తయిన బండరాళ్ళు ఉంటాయి. వీధిలో పారే మురికినీళ్ళలో కాలు పెట్టకుండా అవతలికి దాటడానికి అవి. రాళ్ళ మధ్య సందుల్లో బండి చక్రాలు పోయేవి. ఆ చక్రాలు ఏళ్ళ తరబడి అరగదీసిన గాళ్ళు నల్లరాతిలో ఇప్పటికీ లోతుగా కనిపిస్తాయి, వేలు పెట్టి చూడొచ్చు. అబ్బొండాంజా వీధి వెంట నడుస్తుంటే రోడ్డు పక్కన రాతి కౌంటర్లు, వాటిలో గుండ్రటి కంతలు వస్తాయి. కంతల్లో జాడీలు దింపి తిండి అమ్మేవాళ్ళు. మన వీధి చివర టిఫిన్ సెంటర్ లాంటివే. ఇంట్లో పొయ్యి లేని సామాన్యులు ఇక్కడే తిని పనికి పోయేవారు. అలా ఒక కౌంటర్ మీద బాతుల, కోడిపుంజు బొమ్మలు రంగులు చెదరకుండా బయటపడ్డాయి. 2020 చివర్లో ప్రపంచమంతా ఆ ఫొటోలు చూసింది.

ఊరి చివరన 'పారిపోయినవాళ్ళ తోట' అని ఉంది. బూడిద గట్టిపడ్డాక లోపలి శరీరాలు శిథిలమై ఖాళీలు మిగిలాయి. 1863లో ఫియొరెల్లి అనే పురావస్తు అధికారి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, మనుషుల ఆకారాలు బయటికి తీయించాడు. ఈ తోటలో 13 మంది, పిల్లలతో సహా, పడినవాళ్ళు పడినట్టే ఉన్నారు. చిన్నపిల్లలు వెంట ఉంటే ముందే చెప్పి తీసుకెళ్ళండి.

రెండో రోజు నేపుల్స్ పురావస్తు మ్యూజియం. మంగళవారం సెలవు. పాంపేయి గోడల నుంచి తెచ్చిన చిత్రాలు, మొజాయిక్‌లు ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఇది చూడకపోతే పాంపేయి సగమే చూసినట్టు. మనవాళ్ళు ఇక్కడ వెతుక్కుని చూడాల్సింది ఇంకోటి ఉంది: 'పాంపేయి లక్ష్మి'. జానెడు కంటే కొంచెం ఎత్తున్న దంతపు బొమ్మ, ఒంటి నిండా నగలు, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు. 1938లో పాంపేయిలోని ఒక ఇంట్లో దొరికింది, చెక్కింది మాత్రం భారతదేశంలో. లక్ష్మి కాదు, యక్షిణి అనే పండితులు ఉన్నారు. ఇలాంటి దంతపు బొమ్మలే మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. అవి శాతవాహనుల ఏలుబడిలోని ఊళ్ళు. రోమన్ నాణేలు మన నేల మీద కుండలకొద్దీ బయటపడిన కథకు అవతలి కొస ఇది. బొమ్మ ఉండేది 'రహస్య గది' అనే విభాగంలో. పాంపేయి శృంగార చిత్రాలు దాచిన గది అది, కాబట్టి పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోండి.

మూడో రోజు కొండెక్కండి. అదే లోకల్ రైల్లో ఎర్కొలానో స్కావీ దగ్గర దిగితే వెసూవియస్‌కు బస్సులుంటాయి. బస్సు సుమారు 1,000 మీటర్ల ఎత్తుదాకా వెళ్తుంది. అక్కడి నుంచి అరగంట నడక, వదులు బూడిద దారి, కాబట్టి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. ప్రవేశ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో టైమ్ చూసుకుని తీసుకోవాలి. పైన గాలి విసురుగా ఉంటుంది, మేలో కూడా జాకెట్ కావాలి. శిఖరం 1,281 మీటర్లు. చివరిసారి పేలింది 1944లో. బిలం అంచున నిలబడితే కొన్నిచోట్ల రాళ్ళ సందుల్లోంచి ఆవిరి వస్తుంటుంది. వెనక్కి తిరిగితే అఖాతం చుట్టూ లక్షల ఇళ్ళు. కింద పాంపేయిలో పైకి చూసిన కొండ మీంచి కిందికి చూడటం కోసమే ఈ రోజు పెట్టుకోమంటున్నాను.

దిగాక ఓపిక ఉంటే హెర్క్యులేనియం చూడండి. ఎర్కొలానో స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. పాంపేయి కంటే చాలా చిన్నది, కానీ లోతుగా పూడిపోవడంతో కొయ్య దూలాలు, మంచాలు, తలుపులు బొగ్గయి అలాగే మిగిలాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు పాంపేయి కంటే ఇదే మేలు.

రోమ్

నేపుల్స్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటా పావు. రోమ్ గురించి చెప్పేవాళ్ళు ఎక్కువ కాబట్టి నేను తక్కువ చెప్తాను. కొలోసియం టికెట్‌తోనే పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలైన ఫోరం, పక్కనే పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. కొండ మీద చెట్ల నీడ ఉంటుంది, ఎండ ఎక్కాక అక్కడికి చేరేలా చూసుకోండి.

రోమ్‌లో ఒక్కటే చూసే తీరిక ఉంటే నా ఓటు పాంథియాన్‌కి. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు 1,900 ఏళ్ళ క్రితం కట్టిన గుడి అది, పైన బోర్లించిన గిన్నెలాంటి గోపురం. వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. లోపల ఇనుప కడ్డీ ఒక్కటి లేదు. కిందివైపు కాంక్రీటులో బరువైన రాయి, పైకి వెళ్ళేకొద్దీ తేలికరాయి, చివర అగ్నిపర్వతపు నురగరాయి కలిపారు. నడినెత్తిన పెద్ద కంత, దానికి మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నీళ్ళు పోవడానికి నేలలో చిన్న చిన్న కన్నాలున్నాయి. మీరున్నప్పుడు వాన వస్తే గొడుగు పట్టుకుని అక్కడికే పరుగెత్తండి. టికెట్ 5 యూరోలు.

ఇక ప్రకృతి వంతుకు తివోలి. రైల్లో గంట దూరం. కొలోసియానికి వాడిన ట్రావర్టీన్ రాయి ఈ చుట్టుపక్కల గనులదే. విల్లా గ్రెగొరియానాలో లోయలోకి దూకే జలపాతం, గుహలు, పైన అంచు మీద రోమన్ గుడి ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోనే ఫౌంటెన్ల తోట విల్లా దెస్తే. దిగి ఎక్కే మెట్లు చాలా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు విల్లా దెస్తేతో సరిపెట్టుకోవచ్చు.

రోమ్ వీధుల్లో నీళ్ళ సీసాలు కొనకండి. నగరమంతా ఇనుప కుళాయి స్తంభాలుంటాయి, చల్లటి తాగునీరు రాత్రింబవళ్ళు కారుతూనే ఉంటుంది. కిందికి వంగిన గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నం నుంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి. నోటికి అందేది ఆ ధారే.

ఫ్లోరెన్స్ నుంచి సముద్రం దాకా

ఫ్లోరెన్స్‌లో బ్రునెలెస్కీ కట్టిన కెథడ్రల్ గోపురానికి 463 మెట్లు, లిఫ్టు లేదు, దారి ఇరుకు. ఎక్కలేనివాళ్ళు పియాజాలె మికెలాంజెలో అనే కొండ మీది చౌరస్తాకి సిటీ బస్సులో వెళ్తే గోపురం అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. అకాదెమియాలో దావీదు శిల్పం ఎత్తు 5 మీటర్ల పైమాటే. చూశాక మర్నాడు తీరం వైపు రైల్లో వెళ్తూ కరారా దగ్గర కిటికీలోంచి కొండలు చూడండి. నెత్తిన తెల్లగా కనిపించేది మంచు కాదు, పాలరాతి గనులు.

ఆ దారిలోనే పీసా. స్టేషన్ నుంచి పాతిక నిమిషాల నడక, రెండు మూడు గంటలు చాలు. 8 ఏళ్ళలోపు పిల్లల్ని టవర్ ఎక్కనివ్వరు.

సాయంత్రానికి లా స్పెత్సియా చేరి మకాం పెట్టండి. అక్కడి నుంచి చింక్వె తెర్రె, అంటే సముద్రపు అంచున కొండ చరియలకు అతుక్కున్న అయిదు పల్లెలు, లోకల్ రైల్లో నిమిషాల దూరం. ఫ్లోరెన్స్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి వచ్చేద్దాం అనుకుంటే రోజంతా రైళ్ళలోనే గడుస్తుంది. పల్లెల చుట్టూ ద్రాక్ష తోటలకు సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన మెట్లగట్లు ఉన్నాయి. వందల ఏళ్ళుగా రైతులు చేత్తో కట్టినవి. కొండను పట్టి ఉంచేవి అవే. 2011 అక్టోబరులో కుండపోత వానకు కొండ జారి వెర్నాజా, మొంతెరొస్సోలను బురద ముంచెత్తింది. కాబట్టి వాన హెచ్చరిక ఉన్న రోజు కాలిబాటలు మూసేస్తే విసుక్కోకండి. మొంతెరొస్సో నుంచి వెర్నాజాకు నడక సుమారు రెండు గంటలు, అలుపొచ్చినా విలువైనది. స్లిప్పర్లతో ఆ బాట ఎక్కితే జరిమానా వేస్తారు.

వెనిస్, డోలోమైట్స్

వెనిస్‌లో కనీసం ఒక రాత్రి ఉండండి. పగటి టూరిస్టులు వెళ్ళిపోయాకే ఆ ఊరు ఊరులా ఉంటుంది. ఏప్రిల్ నుంచి జులై మధ్య కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, పగలు వచ్చి పోయేవాళ్ళు ప్రవేశ రుసుం కట్టాలి. ముందే కడితే 5 యూరోలు, ఆలస్యమైతే 10. రాత్రి బస చేసేవాళ్ళకు ఇది లేదు, కానీ మినహాయింపు కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. గొండోలా పడవ ఖరీదు ఎక్కువ అనిపిస్తే వాపొరెత్తో, అంటే నీటి బస్సు, ఒకటో నంబరు ఎక్కి పెద్ద కాలువ పొడుగునా వెళ్ళండి.

కొండలకు రెండు దారులు. వెనిస్ పక్కనున్న మెస్త్రె నుంచి బస్సులో కొర్తినా, లేదా వెరోనాలో రైలు మారి బొల్జానో. సొంత కారు లేనివాళ్ళకు బొల్జానో వైపే సుఖం. అక్కడి నుంచి బస్సులో ఓర్తిజెయి వెళ్ళి మకాం పెడితే సెచెదా, ఆల్పె ది సియూజీ పచ్చిక బయళ్ళకు కేబుల్ కార్లు ఊళ్ళోంచే ఉన్నాయి. చాలా హోటళ్ళు బస్సులకు ఉచిత గెస్ట్ పాస్ ఇస్తాయి, చెకిన్‌లో అడిగి తీసుకోండి. బోర్డుల మీద ప్రతి ఊరికీ ఇటాలియన్, జర్మన్ పేర్లు రెండూ ఉంటాయి, తికమక పడకండి.

ఈ కొండలు కోట్ల ఏళ్ళ క్రితం వెచ్చటి సముద్రంలో పెరిగిన పగడపు దిబ్బలు. సూర్యాస్తమయం వేళ తెల్లటి రాయి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ సమయానికి ఆఖరి కేబుల్ కారు వెళ్ళిపోయి ఉంటుంది కాబట్టి కింద ఊళ్ళోంచి చూసేలా ప్లాన్ వేసుకోండి. త్రె చీమె శిఖరాల చుట్టూ 10 కిలోమీటర్ల నడక బాగుంటుంది, కారులో వెళ్ళేవాళ్ళు పైనున్న పార్కింగ్‌కు స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి.

తిండి, కారు, సమ్మెలు

శాకాహారులకు టెన్షన్ అక్కర్లేదు. పొమొదోరో పాస్తా, వెల్లుల్లి నూనె పాస్తా, మార్గరీత పిజ్జా అన్నిచోట్లా దొరుకుతాయి. 'సెంజా కార్నె, సెంజా పెషె' అంటే మాంసం, చేప వద్దని. సూప్ తాగేముందు మాంసం ఉడికించిన నీళ్ళు పోశారేమో అడగండి. పార్మిజాన్ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. అది పట్టించుకునేవాళ్ళకు చీజ్ లేని మరినారా పిజ్జా ఉంది. కారం కోసం 'పెపెరొన్చీనో' అడగండి. బిల్లులో 'కొపెర్తో' అని, బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికి ఇంత కలుపుతారు, అది మోసం కాదు. ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ ప్యాకెట్లు పట్టుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలకోవా, కరివేపాకు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. పాల ఉత్పత్తులనూ పచ్చి ఆకులనూ యూరప్ కస్టమ్స్ ఒప్పుకోదు. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి.

కారు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. పాత నగరాల మధ్య భాగం 'జెడ్‌టీఎల్' పరిధి. అనుమతి లేని కారు లోపలికి వెళ్తే కెమెరా పట్టేస్తుంది, నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది. పెద్ద ఊళ్ళ మధ్య రైలే మేలు. హైస్పీడ్ టికెట్లు ముందే కొంటే సగానికి వస్తాయి. లోకల్ రైళ్ళ ధర ఎప్పుడు కొన్నా ఒకటే, కానీ కాగితపు టికెట్‌ను ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ మీది మిషన్‌లో ముద్ర వేయించుకోకపోతే ఫైన్.

'షోపెరో' అంటే సమ్మె. ఇటలీలో తరచూ జరుగుతుంది, తేదీ ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజున కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య లోకల్ రైళ్ళు కొన్ని తప్పక నడుస్తాయి. ప్రయాణానికి వారం ముందు ఆ మాట ఇంటర్నెట్‌లో వెతికి, మీ తేదీల్లో పడితే మకాం మారే ప్రయాణాలు ఆ వేళల్లోకి జరుపుకోండి. తిరుగు విమానం ఎక్కే ఊరికి మాత్రం ముందురోజు రాత్రికే చేరిపోండి.